జోర్: ఫైలకా దీవిలో ఒక పాత ఊరు

కువైట్ అనగానే తెలుగువారికి నగరమే గుర్తుకు వస్తుంది. ఎడారి నడుమ వెడల్పైన రోడ్లు, అద్దాల మేడలు, చమురు శుద్ధి కర్మాగారాలు, శుక్రవారం సాయంత్రాలు కిక్కిరిసే ముర్గాబ్, ఫర్వానియా వీధులు. ఆ దేశానికి పల్లెలు కూడా ఉండేవన్న సంగతి అక్కడ ముప్ఫై ఏళ్ళు కష్టపడి తిరిగి వచ్చినవారికి సైతం తెలియకపోవచ్చు. జహ్రా ఒకప్పుడు ఖర్జూరపు చెట్ల మధ్య బావినీటి మీద బతికిన వ్యవసాయపు పల్లె. ఫింటాస్, అబూ హలీఫా, ఫహాహీల్ దక్షిణ తీరపు చేపల ఊళ్ళు. 1946లో చమురు ఎగుమతి మొదలైన తరువాత రెండు మూడు దశాబ్దాలలోనే ఇవన్నీ నగరంలో కలిసిపోయి, పేర్లు మాత్రం బస్సుల బోర్డుల మీద మిగిలాయి.

నగరం మింగలేకపోయిన ఊరు ఒకటి ఉంది. అది సముద్రం మధ్యన ఉండడమే అందుకు కారణం. దాని పేరు జోర్. దక్షిణాన రిఫైనరీ ఉన్న అజ్ జూర్ వేరు, ఇది వేరు. ఇది ఫైలకా దీవి పడమటి ఒడ్డున ఉన్న ఊరు. 1990 ఆగస్టు నాటికి అక్కడ బడులు, ఆసుపత్రి, బ్యాంకు, మసీదులు, వేల సంఖ్యలో జనం ఉండేవారు. ఆ తరువాత ఆ ఊరు మళ్ళీ ఊరు కాలేదు.

దీవి, నీరు, మట్టి

ఫైలకా కువైట్ నగరానికి తూర్పు ఈశాన్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, కువైట్ అఖాతపు నోటి దగ్గర ఉంది. పొడవు పన్నెండు పదమూడు కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువగా ఉన్నచోట ఆరు, వైశాల్యం 43 చదరపు కిలోమీటర్ల ప్రాంతం. కొండ అన్న మాటకు అక్కడ తావు లేదు. దీవి అంతా చదును. ఎత్తుగా కనిపించేవి చాలావరకు పాత కట్టడాలు కూలి ఏర్పడిన దిబ్బలే. వాయవ్యంలో మిస్కాన్, ఆగ్నేయంలో ఔహా అనే రెండు చిన్న లంకలున్నాయి.

ఈ దీవి విలువ దాని విస్తీర్ణంలో లేదు, అది ఉన్న చోటులో ఉంది. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు కలిసి సముద్రంలో పడే చోటికి ఇది దగ్గర. మెసపొటేమియా నుంచి దక్షిణానికి బయలుదేరిన ఓడకు ఎదురయ్యే తొలి మజిలీ ఇది. దక్షిణం నుంచి వచ్చే ఓడకు నదిలోకి ప్రవేశించే ముందు చివరి మజిలీ. రెండు లోకాల మధ్య గడప వంటి చోటు.

రెండవ కారణం నీరు. కువైట్‌లో ఏడాదికి సగటున కురిసే వాన నూట పది, నూట ఇరవై మిల్లీమీటర్లకు మించదు. కరువుకు పేరుపడ్డ అనంతపురంలో కురిసేదానిలో అది నాలుగో వంతు కూడా కాదు. అయినా ఫైలకాలో లోతు తక్కువ బావులు తవ్వితే నీరు పడేది. వాననీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలుస్తుంది. ఆ పొరను జాగ్రత్తగా తోడుకోవాలి. ఆశపడి లోతుగా తవ్వినా, ఎక్కువ తోడినా ఉప్పు పైకి వస్తుంది. ఆ కొద్దిపాటి నీటి మీదే గోధుమ, బార్లీ, కూరగాయలు పండించారు. చలికాలపు వానల తరువాత దీవి కొన్ని వారాలపాటు పచ్చబడేది. ఆ పచ్చదనం చూడడానికి నగరవాసులు పడవల మీద వచ్చేవారు.

ముద్రల కాలం

క్రీస్తుపూర్వం 2000 ప్రాంతంలో దీవి నైరుతి మూలన ఒక ఊరు వెలసింది. సుమేరియన్ పలకలలో దిల్మున్ అని కనిపించే వర్తక రాజ్యానికి బహ్రెయిన్ కేంద్రమైతే, ఫైలకా దాని ఉత్తరపు కొస. మాగన్ రాగి, మెలుహా నుంచి వచ్చే ఎర్రని పూసలు, దంతం, కలప ఈ నీళ్ళ మీదుగానే ఊర్, లార్సా నగరాలకు చేరేవి. మాగన్ అంటే నేటి ఒమాన్ ప్రాంతమనీ, మెలుహా అంటే సింధు నాగరికతా దేశమనీ చాలామంది పండితుల అభిప్రాయం.

ఈ ఊరిని 1958లో పి.వి. గ్లోబ్, జెఫ్రీ బిబీల నాయకత్వంలో డెన్మార్క్ పురావస్తు బృందం తవ్వడం మొదలుపెట్టింది. 1963 దాకా సాగిన ఆ పనిలో రాతిగోడల చిన్న ఇళ్ళు, ఇరుకు సందులు, పొయ్యిలు, వాటికి కొద్ది దూరంలో ఒక పెద్ద భవనం బయటపడ్డాయి. అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించినవి ముద్రలు. బొత్తాము ఆకారంలో, మెత్తని బలపపు రాతితో చెక్కిన గుండ్రని ముద్రలు ఈ చిన్న దీవిలో నాలుగు వందలకు పైగా దొరికాయి. ఒక్కొక్కటి ఒక మనిషి సంతకం వంటిది. సరుకు మూట ముడి మీద మట్టి అద్ది, దాని మీద ముద్ర వేస్తే అది ఎవరి సరుకో తెలిసేది. జింకలు, ఎద్దులు, మనుషులు, గొట్టాలతో పానీయం తాగుతున్న దేవతలు వాటి మీద కనిపిస్తారు. సింధు లిపి గుర్తులున్న ముద్ర కూడా దొరికింది.

ఇంత చిన్న చోట ఇన్ని సంతకాలు దొరకడానికి అర్థం ఒకటే. ఇక్కడివారు పంట మీద మాత్రమే ఆధారపడలేదు. లావాదేవీలు, పూచీలు, లెక్కలు వారి నిత్యజీవితంలో భాగం. కీలాక్షర శాసనాల వల్ల ఇక్కడ ఇంజాక్ అనే దేవుడిని కొలిచేవారని తెలుస్తున్నది. ఆ దేవుడి పేరుతో జతగా వినబడే అగారుమ్ అన్న మాట ఈ ప్రాంతపు అతి పాత పేరు కావచ్చునని పండితులు భావిస్తారు. క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్దంలో దీవి బాబిలోన్ నీడలోకి వచ్చింది. నెబుకద్నెజర్ పేరున్న రాతిపలక అందుకు సాక్ష్యం.

ఇకారోస్: ఒక భూమి పత్రం

అలెగ్జాండర్ తన చివరి రోజులలో అరేబియా తీరాన్ని పరిశీలించడానికి ఓడలు పంపాడు. యూఫ్రటీస్ ముఖద్వారానికి 120 స్టేడియాల దూరంలో, అంటే ఇరవై పైచిలుకు కిలోమీటర్లలో, చెట్లతో నిండిన ఒక దీవి ఉన్నదనీ, అందులో ఆర్టెమిస్ దేవళం ఉన్నదనీ, అక్కడి మేకలనూ జింకలనూ ఎవరూ వేటాడరనీ గ్రీకు చరిత్రకారుడు అరియన్ రాశాడు. ఈజియన్ సముద్రంలోని ఒక దీవి పేరు మీద దీనికి ఇకారోస్ అని పేరు పెట్టమని అలెగ్జాండర్ ఆజ్ఞాపించాడని కూడా చెప్పాడు. అయితే ఇక్కడ బాబిలోన్ కాలంనాటికే ఎకర్రా అనే గుడి ఉండేదనీ, గ్రీకులు ఆ స్థానిక నామాన్నే తమ చెవికి అలవాటైన పేరుగా మార్చుకున్నారనీ ఒక వాదం ఉంది. పరాయి పాలకులు ఊరిపేర్లను తమ నోటికి అనువుగా మలుచుకోవడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. కాకినాడ కొకనాడా కావడం, బందరు మసులీపటం కావడం తెలిసినవే.

1937లో దీవి మీద ఒక చెక్కడపు రాయి దొరికింది. ఏథెన్స్ వాడైన సోటెలిస్, అతని సైనికులు జ్యూస్, పొసైడన్, ఆర్టెమిస్ దేవతలకు సమర్పించుకున్న రాయి అది. గ్లోబ్ బృందం దృష్టి ఈ దీవి వైపు మళ్ళడానికి అదొక కారణం. తవ్వకాలలో సుమారు అరవై మీటర్ల చదరపు కోట, దానిలోపల గుళ్ళు బయటపడ్డాయి. ఒక గుడి స్తంభాల తలలు గ్రీకు పద్ధతిలోనూ, పాదాలు పారశీక పద్ధతిలోనూ ఉన్నాయి. కట్టినవారెవరో, కట్టించినవారెవరో ఆ స్తంభాలే చెబుతున్నాయి.

ఊరి చరిత్రకు అంతకన్నా ముఖ్యమైనది 1960లో దొరికిన పెద్ద శిలాశాసనం. ఇకాడియన్ అనే సెల్యూసిడ్ అధికారి అనాక్సార్కోస్ అనే కింది అధికారికి రాసిన ఉత్తరం, దీవివాసులు అందరికీ తెలిసేటట్లు రాతి మీద చెక్కించబడింది. ఆర్టెమిస్ గుడిని వేరొకచోటికి మార్చడం, దీవిలో స్థిరపడినవారి హక్కులు, పన్నుల మినహాయింపు, సాగు చేసి చెట్లు నాటుకోదలచినవారికి భూమిని వంశపారంపర్యంగా ఇవ్వడం అందులోని విషయాలు. కాలం క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దం. రాజులు యుద్ధాలు గెలిచిన సంగతులు చెక్కించుకున్న రాళ్ళు లోకంలో లెక్కలేనన్ని. ఒక మారుమూల దీవిలో మామూలు మనిషికి భూమి మీద హక్కు ఇస్తున్నట్లు చెప్పే రాయి అరుదు. తెలుగునాట గుడి గోడల మీది దానశాసనాలు చదివినవారికి ఈ ఉత్తరపు ధోరణి బాగా పరిచితం అనిపిస్తుంది. ఈ శాసనాన్ని గుర్తుంచుకోవాలి. రెండు వేల రెండు వందల ఏళ్ళ తరువాత ఇదే దీవిలో భూమి హక్కు ఎదురు దిశలో నడిచింది.

మఠం, దర్గా

కోట పాడుపడిన తరువాత కొన్ని శతాబ్దాలు దీవి కథ మసక. మళ్ళీ వెలుగు పడేది దీవి మధ్యభాగంలోని అల్ ఖుసూర్ అనే చోట. 1980ల చివరలో ఫ్రెంచ్ బృందం అక్కడ ఒక క్రైస్తవ ఆలయాన్ని కనుగొన్నది. చుట్టూ ఆవరణలు గల ఇళ్ళు చెదురుమదురుగా విస్తరించి ఉన్నాయి. పారశీక సముద్రంలో వ్యాపించిన తూర్పు సిరియన్ క్రైస్తవుల నివాసం అది. ఇస్లాం వచ్చిన తరువాత కూడా కొంతకాలం అక్కడ క్రైస్తవులు జీవించారని తవ్వకాలు సూచిస్తున్నాయి.

ఇక వాయవ్య తీరాన ఖిద్ర్ దర్గా. ముస్లిం సంప్రదాయంలో ఖిద్ర్ చావు లేని పుణ్యపురుషుడు, నీటికీ పచ్చదనానికీ సంబంధించినవాడు. ఆయన ప్రతి మంగళవారం రాత్రి ఈ ఒడ్డున విశ్రమిస్తాడని దీవివాసుల నమ్మకం. సంతానం కోరే స్త్రీలు ప్రధాన భూభాగం నుంచీ, అవతలి ఒడ్డుల నుంచీ పడవల మీద వచ్చి ఇక్కడ మొక్కుకునేవారు. మతాచారానికి విరుద్ధమని అధికారులు దానిని తొలగించినా స్త్రీల రాక ఆగలేదు. అదే తీరంలో స్లొవాక్, కువైటీ పురావస్తు శాస్త్రజ్ఞులు 2004 తరువాత దిల్మున్ నాటి ఆవాసాన్ని గుర్తించారు. నాలుగు వేల ఏళ్ళనాడు పడవలు ఆగిన ఒడ్డునే నిన్నమొన్నటి మొక్కుల పడవలూ ఆగాయన్న మాట.

జోర్‌లో రోజు

పాత ఊళ్ళు నైరుతి దిబ్బలలో, దీవి నడుమ ఉండగా, ఇటీవలి శతాబ్దాల జనజీవనం జోర్ చుట్టూ తిరిగింది. అరేబియా నుంచి వచ్చినవారు, పారశీక తీరం నుంచీ ఖార్గ్ దీవి నుంచీ వచ్చినవారు ఇక్కడ కలిసి బతికారు. ఇళ్ళు సముద్రపు రాయి, మట్టి కలిపి కట్టినవి. కప్పు మీదికి తూర్పు ఆఫ్రికా నుంచి ఓడలలో వచ్చే మడచెట్ల దూలాలు, వాటి మీద వెదురు బద్దలు, చాపలు, ఆ పైన మట్టి. ఇంటి నడుమ వాకిలి, మగవారు కూర్చునే దివానియా.

వేసవి వస్తే ఊళ్ళో మగవారు పలచబడేవారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సుమారు నాలుగు నెలలు ముత్యాల వేట. ముక్కుకు కొమ్ముతో చేసిన బిగింపు, వేళ్ళకు తోలు తొడుగులు, కాలికి రాతి బరువు, మెడలో బుట్ట. మునిగేవాడి ప్రాణం పైన తాడు పట్టుకున్నవాడి చేతిలో ఉండేది. ఓడ ఖర్చులు పోగా మిగిలిన దానిలో మునిగేవాడికి మూడు వంతులు, తాడు లాగేవాడికి రెండు. కాని ఆ వంతులు చేతికి అందడం అరుదు. వేట ఓడ యజమాని నఖోదా ముందుగా ఇచ్చిన బయానా, ఇంటి సామానుకు చేసిన అప్పు అందులో తీరిపోయేవి. తీరకపోతే మరుసటి ఏడూ ఆ ఓడే ఎక్కాలి. తండ్రి అప్పు కొడుకు మీద పడేది. ముత్యాలు మాత్రం బొంబాయి చేరి, అక్కడి నుంచి లోకమంతా వెళ్ళేవి.

వేట లేని నెలలలో చేప. కువైట్ అఖాతంలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం మూడు నాలుగు మీటర్ల దాకా మారుతుంది. ఒడ్డున రెల్లు, ఈతమట్టలతో కట్టిన ఆవరణను హద్రా అంటారు. పోటు నీటితో లోపలికి వచ్చిన చేప పాటు వేళకు అక్కడే చిక్కుతుంది. ఈతమట్టలను కట్టగా బిగించి చేసిన వర్జియా అనే చిన్న పడవ మీద వెళ్ళి ఏరుకు రావడమే. కువైటీలు ప్రాణంగా చూసుకునే జుబైదీ చేప ఆంధ్ర తీరంలో చందువగా పిలిచే చేపకు దగ్గరి చుట్టం. ఆడవారి చేతిలో పొలం, మేకలు, బావి, రొట్టెల పొయ్యి. మగవారు సముద్రం మీద ఉన్న నాలుగు నెలలు ఊరిని నడిపింది వారే.

ఈ జీవితంలో భారతదేశం దూరదేశం కాదు. ఓడలకు టేకు మలబారు నుంచి వచ్చేది. బియ్యం, మసాలాలు, బట్ట బొంబాయి, కళ్ళికోట రేవుల నుంచి వచ్చేవి. జోర్‌లో చేపకు ధర కట్టినా, ముత్యానికి బయానా ఇచ్చినా అది రూపాయలలోనే. కువైట్ తన దీనారును తెచ్చుకున్నది 1961లో. అంతవరకూ అక్కడ చెల్లినది భారత రూపాయి, చివరి రెండేళ్ళు గల్ఫ్ కోసం వేరుగా ముద్రించిన రూపాయి. జోర్ పెద్దలు రూపాయి లెక్కలు మరిచిపోకముందే, రూపాయి దేశం నుంచి మనుషులు దీనారు కోసం రావడం మొదలైంది.

1930ల నాటికి జపాన్ కృత్రిమ ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి ముత్యాల వేటను కూల్చివేశాయి. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. పెంపకపు ముత్యం తీసుకున్న జీవనోపాధిని చమురు తిరిగి ఇచ్చింది గాని, పని ఉన్న చోటు మారింది. యువకులు నగరానికి ఉద్యోగాలకు వెళ్ళారు. ఊరికి కరెంటు, బడి, ఆసుపత్రి, లాంచీ వచ్చాయి. 1980ల జోర్ కటిక పల్లె కాదు, పట్టణమూ కాదు. సెలవు రోజున నగరం నుంచి పిల్లలు వచ్చే తాతగారి ఊరు.

ఖాళీ అయిన ఏడాది

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అఖాతపు నోటి దగ్గర ఉన్న ఫైలకా ఏ సైన్యానికైనా కావలసిన చోటు. నాలుగు వేల ఏళ్ళపాటు దీవిని పోషించిన ఆ స్థానబలమే ఇప్పుడు దానికి చేటయింది. ఇరాకీలు దీవివాసులను వెళ్ళగొట్టి, ఒడ్డున మందుపాతరలు పరిచి, ఇళ్ళను కాపలా గుళ్ళుగా మార్చుకున్నారు. మిత్రసేనల బాంబుదాడుల తరువాత 1991 మార్చి 3న దీవి మీద ఉన్న దాదాపు 1,400 మంది ఇరాకీ సైనికులు లొంగిపోయారు.

ఆ నెలలలోనే మరొక వలస జరిగింది. కువైట్‌లో పనిచేస్తున్న లక్షకు పైగా భారతీయులు ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలలో స్వదేశానికి వచ్చారు. వారిలో కడప ప్రాంతపు రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు తాలూకాలవారు, గోదావరి జిల్లాలవారు ఎందరో. కట్టుబట్టలతో వచ్చారు, జీతపు బకాయిలు వదులుకున్నారు. అయితే యుద్ధం ముగిశాక వారిలో చాలామంది మళ్ళీ కువైట్ వెళ్ళారు. వారికి వెళ్ళడానికి పని ఉంది, తిరిగి రావడానికి ఊరూ ఉంది.

జోర్‌వాసులకు ఆ రెండవది లేకపోయింది. పాతరలు తీసేదాకా దీవి నివాసయోగ్యం కాదు. ప్రభుత్వం వారికి ప్రధాన భూభాగంలో నివాసం కల్పించి, దీవిలోని ఆస్తులకు పరిహారం ఇచ్చి స్వాధీనం చేసుకున్నది. పరిహారం అందలేదన్న ఫిర్యాదుకు ఇక్కడ తావు తక్కువ. పోయినది డబ్బుతో కొలిచేది కాదు. ఇకాడియన్ ఉత్తరం సాగు చేసేవాడికి వంశపారంపర్యంగా ఇచ్చిన నేల మళ్ళీ రాజ్యపరమైంది. కొంతకాలం సైన్యం అక్కడ గురి చూసుకున్నది. తూట్లు పడిన బ్యాంకు భవనం, తలుపులు లేని బడి, తుప్పు పట్టిన ట్యాంకులు నేడు పర్యాటకులు ఫొటోలు తీసుకునే వింతలు.

తవ్వకం, తరలింపు

విచిత్రమేమంటే జనం పోయిన తరువాతే దీవి గురించి ఎక్కువ తెలిసింది. డెన్మార్క్ బృందం 2008లో తిరిగి వచ్చింది. ఫ్రెంచ్, స్లొవాక్, పోలిష్ బృందాలు కువైటీ శాస్త్రజ్ఞులతో కలిసి పనిచేశాయి. ఏ దిబ్బ కింద ఏ కాలపు గోడ ఉందో ఇప్పుడు చెప్పవచ్చు. ఏ ఇంటివారు ఏ పాట పాడుతూ వల లాగేవారో చెప్పగలవారు తగ్గిపోతున్నారు.

ఇటువంటి అనుభవం తెలుగునేలకూ ఉంది. గ్లోబ్ ఫైలకాకు వచ్చే నాటికి నాగార్జునకొండ లోయలో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన తవ్వకాలు జోరుగా సాగుతున్నాయి. 1954 నుంచి 1960 దాకా సాగిన ఆ పనిలో ఇక్ష్వాకుల విజయపురి బయటపడింది. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండ మీదికి చేర్చారు. ఆ కొండ ఇప్పుడు జలాశయంలో ఒక దీవి. మ్యూజియానికి పడవ మీద వెళ్ళాలి. లోయలోని పల్లెలవారు మాత్రం వేరే చోట్ల చెదిరిపోయారు. శ్రీహరికోట దీవిలో యానాదుల గూడేలు ఉండేవి. రాకెట్ కేంద్రం కోసం ఆ నేల తీసుకున్నారు. 1971లో అక్కడి నుంచి తొలి రాకెట్ లేచింది. కారణాలు వేరు: ఒకచోట నీరు, ఒకచోట విజ్ఞానం, ఫైలకాలో యుద్ధం. మూడు చోట్లా స్థలం నిలిచింది, ఊరు పోయింది.

ఊరంటే కట్టడాలు కావు, వాటి మధ్య సాగే రాకపోకలు అన్నది ఫైలకా చరిత్ర అడుగడుగునా చెప్పే మాట. ఈ దీవి ఇంతకుముందు కూడా ఖాళీ అయింది. దిల్మున్ వర్తకం క్షీణించినప్పుడు, గ్రీకు కోట కూలినప్పుడు, క్రైస్తవుల ఇళ్ళు పాడుపడినప్పుడు. ప్రతిసారీ ఎవరో ఒకరు పడవ దిగి, బావి తవ్వుకుని, ఉన్న రాళ్ళతోనే ఇల్లు కట్టుకుని మళ్ళీ ఊరు మొదలుపెట్టారు. ఈసారి తేడా ఒక్కటే. పడవలు రోజూ వస్తున్నాయి, సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోతున్నాయి.

జోర్ పూర్తిగా పోయిందని కూడా అనలేము. కువైట్ నగరంలో ఫైలకావీ అన్నది ఇంటిపేరు. బడి రిజిస్టర్లలో, ఆసుపత్రి గదుల తలుపుల మీద, దుకాణాల బోర్డుల మీద అది కనిపిస్తుంది. తెలుగువారి ఇంటిపేర్లలోనూ సగానికి సగం ఊళ్ళే. ఆ ఊళ్ళలో కొన్ని ఇప్పుడు ఏ పటంలోనూ లేవు, అక్కడివారెవరో కూడా ఆ ఇంటిపేరు మోస్తున్నవారికి తెలియదు. ఫైలకావీల మొదటి తరానికి ఇంకా తెలుసు. ఏ బావి నీరు తియ్యనిదో, ఏ మూల హద్రా కడితే చేప ఎక్కువ పడేదో చెప్పగలవారు వారిలో ఉన్నారు. దిబ్బల కింది ముద్రలు మరో వెయ్యేళ్ళు ఆగగలవు. ఈ జ్ఞాపకాలు ఆగలేవు.